ఘాటెక్కని అంబాసిడర్

1984 వేసవి. నంద్యాలలో ఒక మెకానిక్ షెడ్డు. ఆళ్లగడ్డ నుంచి ఒకతను తెచ్చిన అంబాసిడర్ బానెట్ ఎత్తి, మెకానిక్ లోపలికి వంగాడు.

"డీజిల్ ఇంజనుకు గాలి తోసే టర్బో కూడానా? యాడిదప్పా ఇది?"

"శ్రీశైలం డ్యాం కాడ పాత మిషన్‌ది. నేనే బిగించినా."

"నీ చేతులకు మొక్కాల. మరి దీని రోగమేంది?"

"చదునులో బాగా పోతాది. నల్లమల ఘాటు రోడ్డు ఎక్కేటప్పుడు గుంజడంల్యా. నల్లపొగ."

"గాలి చాలడంల్యా. ఈ గాలిపైపు మూతికి ఎర్రగుడ్డ కట్టిందెవరు?"

"మాయమ్మ. యాగంటిలో పూజ చేపిచ్చి తెచ్చింది. ఊరంతా బండిని మెచ్చుకుంటాంటే దిష్టి తగుల్తాదని."

"ముక్కు మూసి కొండెక్కమంటే మనిషైనా ఎక్కుతాడా?"

గుడ్డ విప్పి, ఇద్దరూ ఘాటెక్కి దిగి వచ్చారు.

"గుర్రం మాదిరి ఎక్కిందన్నా. గుడ్డ పారేద్దామా?"

"పారెయ్యొద్దు. ముందర బంపరుకు కట్టు. ఇప్పుడు నా కన్నే పడింది దీనిమీద."