ఎస్తేరు కాలి మిషను

వరదలు తగ్గి చలి మొదలైన రోజులు. రాజోలు బస్టాండు పక్కన సత్తిబాబు టీ కొట్లో బంగారరాజు గారు బల్ల మీద సర్దుకుని కూర్చున్నారు.

"కుట్టుమిషను కొనడమంటే మాటలనుకున్నారేంటండీ? మన ఎలీసమ్మ కూతురు ఎస్తేరు లేదూ, పోలియో కాలు పిల్ల, అది కుట్టు నేర్చుకుంటానందంట. మొన్న వేసంగిలో ఎలీసమ్మ నా దగ్గరికొచ్చి, రాజుగారూ, తక్కువలో ఓ చేతి మిషను చూసిపెట్టండి అంది. అమలాపురం వెళ్ళేను. కొట్టు నిండా మిషన్లే. నేను కళ్ళు మూసుకుని నిలబడి, చక్రాలు తిప్పమన్నాను. చప్పుడు విని చెప్పేసేను, దీనికి పళ్ళరిగేయి, దానికి సూది వంకర అని. కొట్టువాడికి ముచ్చెమటలు పోసేయి. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"ఆయ్, చెప్పండి," అన్నాడు సత్తిబాబు టీ తిరగబోస్తూ.

"చేతి మిషను బయటికి తీసేడు. ఛీ, నాయంతటోడు వెళ్ళి చేతి మిషను పట్టుకొస్తే నామోషీ కాదూ? అదే ధరలో పాత కాలి మిషను లాగేసేను. అది మిషనా, ఏనుగండీ! గోనెసంచి పెడితే పట్టులంగాలా కుట్టేసింది. ఓడలరేవోళ్ళు తెరచాప తెచ్చేరు, చిటికెలో కుట్టేసింది. అంతెందుకు, మొన్న గోదారి గట్టుకి గండి పడిందా? మిషను పడవలో వేసుకెళ్ళి, కొబ్బరితాడు సూదికెక్కించి, ఈ ఒడ్డునీ ఆ ఒడ్డునీ కలిపి టకటకా కుట్టేసేను."

"మా ఇల్లు ఆ గండిలోనే పోయిందండి," అన్నాడు మాణిక్యం, మూల నుంచి.

"నేను దారం ఎక్కించేలోపే పోయిందయ్యా మీ ఇల్లు, నన్నేం చెయ్యమంటావు? అసలు సంగతి వినండి. ఆ మిషను తొక్కీ తొక్కీ ఎస్తేరు కాలు బాగైపోయింది! చచ్చుబడిన కాలు అరటిబోదెలా తయారైంది. నిన్న ఆదివారం చర్చికి పరిగెత్తుకెళ్తుంటే ఈ కళ్ళతో చూసేను."

ఎవరూ నవ్వలేదు. రాజుగారి వెనకాల, టీ పోయించుకోడానికి గిన్నె పట్టుకుని నిలబడి ఉంది ఎలీసమ్మ. ఆయన చూసుకోలేదు. ఆవిడ ముందుకొచ్చింది.

"నిన్న దాన్ని నేను వీపున మోసుకెళ్ళేనండి, రాజుగారూ."

ఆయన ఏదో అనబోయేరు. ఆవిడ ఆగలేదు. ఎస్తేరు పైన గుడ్డ పట్టుకుంటే, తను కింద నేలమీద కూర్చుని తొక్కే పలకని రెండు చేతుల్తో నొక్కుతోందట. తను చేలోకెళ్తే మిషను ఆగిపోద్ది, మిషను దగ్గర కూర్చుంటే ఇంట్లో గంజి ఉండదు. చేతిపిడి బిగించమంటే ఆ పాతదానికి కుదరదన్నారట మిషన్లు బాగుచేసేవాళ్ళు. క్రిస్మసుకి సండేస్కూలు పిల్లల గౌన్లు ఒప్పుకుంది ఎస్తేరు. మొదటి పని. అందించలేకపోతే ఇంకెవరూ గుడ్డ ఇవ్వరని పిల్ల అన్నం ముట్టడం లేదట.

"అది కాదు ఎలీసమ్మా, కాలి మిషనంటే ఇంట్లో గౌరవంగా ఉంటాదని..."

"దాని చేతులు బాగానే ఉన్నాయండి. అందుకే చేతి మిషను అడిగేను."

ఎలీసమ్మ గిన్నె బల్ల మీద పెట్టి అరచేతులు చాపింది. బొబ్బలు చితికి తోలు ఊడి ఉంది.

"గోదారి గండే కుట్టేరు కదండీ తమరు. రేపు నేను చేలోకెళ్ళాలి. వచ్చి నా చోట కింద కూర్చుని నొక్కండి, పిల్ల గౌన్లు కుట్టుకుంటాది."