కరెంటు పోతే నీళ్ళొచ్చిన కాలం

ఎవురూ... కృష్ణమూర్తన్న మనవరాలివా? తేజస్వినివి నువ్వేనా? దా మా, దా, ఈడ అరుగు మీద కూర్చో. కండ్లు సరిగా ఆనడం లేదు నాకు, గొంతును బట్టి కనుక్కోవాల్సిందే. మీ అవ్వ గొంతే వచ్చినాది నీకు. ఆయమ్మదీ ఇట్లానే, రవంత బొంగురు గొంతు. ఏమంటివి? అవ్వ గురించి చెప్పల్లా? కొత్త నీళ్ళ ట్యాంకుకు చంద్రకాంతమ్మ పేరు పెడతా ఉండారని నేనూ విన్యానులే. శుక్రవారం నువ్వు మైకులో మాట్లాడల్లా? మంచిదే. అయితే నన్నెందుకు అడిగేది, మీ ఇంట్లో పెద్దోళ్ళు లేరా? ఓహో, వాల్వు తిప్పిన మునిస్వామికి తెలిసినట్టు ఇంగెవురికీ తెలియదని మీ అమ్మ చెప్పిందా. ఊ. అట్లా చెప్పిందా మీ అమ్మ.

సరే. నేను మున్సిపాలిటీలో ముప్ఫై రెండేండ్లు నీళ్ళు వదిలే పని చేసినాను మా. ఏ వీధికి ఏ వాల్వు, ఎన్ని చుట్లు తిప్పల్ల, అంతా ఈ చేతులకే తెలుసు. చైర్మన్లు ఎంతమందిని చూసినానో. పంచెలోళ్ళు, ప్యాంట్లోళ్ళు, తాగొచ్చి కుర్చీలో నిద్రపొయ్యేవాళ్ళు. ఆడమనిషి మాత్రం మీ అవ్వే మొదులు. ఆ ఏడు మన ఊరి సీటు ఆడోళ్ళకని రిజర్వేషను వచ్చినాది. పార్టీవాళ్ళు మీ తాత దగ్గరికి వచ్చి, 'కృష్ణమూర్తీ, పేరు ఆయమ్మది, పని నీది' అన్యారు. మీ తాత మంచోడేలే, ఆరు మరమగ్గాలు, ఆయన పనేదో ఆయనిది, ఒకరి జోలికి పోడు. ఆయన గూడా అట్లనే అనుకున్యాడు. మేమందురమూ అట్లనే అనుకున్యాము, దాచేదానికేముండాది! అప్పట్లో యాడ చూసినా అదే పద్ధతి కదా, పెండ్లాం సంతకం, మొగుడి పెత్తనం. మొదటి మీటింగు రోజు అటెండరు ఎవురూ చెప్పకుండానే రెండు కుర్చీలు ఏసినాడు, పక్కపక్కనే. మీ అవ్వ వచ్చినాది. నేత చీర, చేతిలో వైరు బుట్ట. రెండు కుర్చీలనూ చూసింది. 'ఏమండీ, మగ్గాల కాడ ఎవురుండారు?' అనింది మీ తాతను. 'ఎవురూ లేరు, ఆపేసి వస్తిని' అన్యాడు ఆయన. 'అయితే మీరన్నా పొండి, నేనన్నా పోతా. ఇద్దురమూ ఈడ కూర్చుంటే కూలి ఎట్లొస్తాది?' అనింది. మీ తాత నగుతా లేచి పోయినాడు. లోపల చిన్నబుచ్చుకున్యాడో ఏమో, మనకెట్ల తెలుస్తాది, కానీ మళ్ళా ఆయప్ప ఆఫీసు మెట్లెక్కలా. అది ఒప్పుకోవల్ల. ఎంతమంది మొగోళ్ళు చేస్తారు ఆ పని?

యాడికో పోతా ఉండాను. నీళ్ళ సంగతి కదా. అప్పట్లో నీళ్ళు నాలుగు రోజులకొకసారి. పొద్దున ఎనిమిదికి వదిలేది. మన ఊర్లో కరెంటు ఉండేదీ ఆ వేళకే. కరెంటు ఉంటే మగ్గం ఆడల్ల, మగ్గం ఆడితే ఆడోళ్ళు కండెలు చుట్టల్ల, తెగిన దారం ముడెయ్యల్ల. కొళాయి కాడికి పోతే మగ్గం నిలబడిపోతాది. మగ్గం కాడుంటే ఇంట్లో తాగేదానికి నీళ్ళుండవు. ఎన్నేండ్లు తిప్పినాను ఆ వాల్వులు, నాకెప్పుడూ తట్టలా మా. నా ఇంటిదీ కండెలు చుట్టేదే, అయినా తట్టలా. మీ అవ్వ వచ్చిన రెండో నెల ఇంజినీరును పిలిచి, 'కరెంటు ఉన్నెప్పుడు ట్యాంకు నింపు, కరెంటు పోతానే నీళ్ళు వదులు' అనింది. ఆయప్ప నగినాడు. 'నీళ్ళకు కరెంటు కావాల కదమ్మా.' 'ఎక్కేదానికి కావాల, దిగేదానికెందుకు సార్?' అనింది. అంతే! చిన్న మాట. పదిన్నరకు కరెంటు పోతే పదిముప్పావుకు కొళాయిలో నీళ్ళు. అది గూడా చివరి వీధికి ముందు, పెద్దోళ్ళ వీధికి ఆఖర్న. మా ఇంటిది ఆ పొద్దు దండం పెట్టుకున్యాది, దేవుడికి కాదు, మీ అవ్వకు. అయిదేండ్లు నడిచినాది అట్లా. ఆడోళ్ళు కరెంటు పోతే తిట్టుకోకుండా ఉండింది ఆ అయిదేండ్లే.

ఏం మా, మీ చిన్నతాత బాగుండాడా? ధనశేఖరు... పోయినాడా? ఎప్పుడు? ఎవురూ చెప్పలేదే నాకు. సరేలే. పోయినోణ్ణి అనగూడదు గానీ, అనకుండా ఈ కత జరగదు. మీ అవ్వకు సొంత మరిది. రంగుల షెడ్డు పెట్టినాడు, నూలుకు రంగేసేది. రంగుకు నీళ్ళు ఎన్నున్నా చాలవు. ఒకనాడు వాల్వు కాడికొచ్చి, 'మునిస్వామన్నా, చివరి వీధిది అరగంట ముందే కట్టేసి మా షెడ్డుకు తిప్పు, వదినె చెప్పమనింది' అన్యాడు. నేను తిప్పినాను. మా అల్లుడు ఆ షెడ్డులోనే పని చేస్తా ఉండె, తిప్పకుండా ఎట్లా? ఆ పొద్దు నమ్మే తిప్పినాను మా, నిజంగా. కానీ వారం తిరక్కుండా మీ అవ్వే నడుచుకుంటా వచ్చి, 'మునిస్వామీ, చివరి వీధికి నీళ్ళు తగ్గినాయంట, ఎందుకు?' అని నన్నే అడిగింది. చెప్పిన మనిషి అట్లా అడగదు కదా. అప్పుడే తెలిసిపోయింది నాకు, ధనశేఖరు అబద్ధం చెప్పినాడని. అప్పుడన్నా నోరు తెరిచింటే అయిపోయేది. 'పైపు లీకమ్మా, యాడనో కనపడడం లేదు' అన్యాను. ఆయమ్మ నమ్మినాది. నేను తిప్పతానే ఉండినాను.

రెండు నెలలకు ఊరు లేచింది. ఎదుటి పార్టీ కౌన్సిలరు బాలసుబ్రమణ్యం ఉత్త బిందెలతో ఆడోళ్ళను ఆఫీసు ముందర కూర్చోబెట్టినాడు. 'చైర్మనమ్మ ఊరి నీళ్ళు మరిది షెడ్డుకు మళ్ళించింది' అని. ఎవురి కోసరమైతే వేళ మార్చిందో వాళ్ళే మా, ఆ చివరి వీధి ఆడోళ్ళే, నోటికొచ్చినట్టు తిట్టినారు. మీ అవ్వ బయటికొచ్చి, 'నేను చెప్పి ఉంటే కాణిపాకం స్వామి చూసుకుంటాడు. సోమవారం పోయి ప్రమాణం చేస్తా, రాగలిగినోళ్ళు రండి' అనింది. మన పక్క ఆ మాట వస్తే ఇంగ కోర్టు లేదు, కచేరీ లేదు కదా. ఆ సాయంత్రం మా ఇంటికొచ్చింది. చైర్మన్ మా ఇంటికి! లోపలికి రాలా, గడప కాడే నిలబడి, 'లీకు యాడా లేదు కదా మునిస్వామీ?' అనింది. నేను తలొంచుకున్యాను. 'నేను నీకు చెప్పినానా?' 'లేదమ్మా.' 'ఆ ఒక్క మాట ఆడికొచ్చి చెప్పు. ధనశేఖరు పేరెత్తొద్దు, అది నా ఇంటి సంగతి. నిన్నూ ఎవురూ ఏమీ అనకుండా నేను చూసుకుంటా. వస్తావా?' 'వస్తానమ్మా' అన్యాను. ఆయమ్మకు చెయ్యేసి చెప్పినాను మా, ఇదో, ఈ చేత్తోనే.

సోమవారం పోయినాను. పోలేదనుకుంటా ఉండావేమో, పోయినాను. చిత్తూరులో దిగి, కాణిపాకం మీదుగా ఐరాల పొయ్యే బస్సెక్కినాను. దోవంతా అదే ఆలోచన. ఏరే దేవుడైతే ఒక్క మాట చెప్పి వచ్చేసుందును. ఆ స్వామి ముందర సగం నిజం చెల్లదని మా నాయన చిన్నప్పట్నుంచీ బెదిరించినాడు కదా. కోనేట్లో మునిగి తడి గుడ్డల్తో నిలబడినాక అంతా కక్కల్ల, తిప్పింది, లీకని బొంకింది, అన్నీ. కక్కితే నా ఉద్యోగం పోతాది, అల్లుడి పని పోతాది. కక్కకుంటే కండ్లు పోతాయి. ఎంత పిచ్చోణ్ణి చూడు, ఆయమ్మ అడిగింది ఒకే ఒక మాట, అది పూరా నిజమే, అది చెప్పేదానికి నాకేం అడ్డం? కాణిపాకం వచ్చినాది. అందురూ దిగినారు. గుడి కనపడతా ఉండాది కిటికీలోంచి. కాళ్ళు లేవలా మా. బస్సు కదిలిపోయింది. ఐరాలలో దిగి, ఒక టీ అంగడి కాడ సాయంత్రం దాకా కూర్చోనుండినాను. మీ అవ్వ మధ్యాన్నం దాకా తడి చీరతో నా కోసరం నిలబడిందంట. చీర ఒంటి మీదే ఆరిపోయిందంట. పూజారి, 'ఇంగ ఎంతసేపమ్మా' అంటే, మళ్ళా పోయి మునిగొచ్చి, ఒక్కతే ప్రమాణం చేసి వచ్చినాది.

ఊరేమనింది? 'సాచ్చికం రాలేదంటే ఏదో ఉండాది' అనింది. నాలుగు నెలలకు ఎలెక్షన్లు. చివరి వీధిలో ఓట్లు పడలా, మీ సొంత వీధిలోనే పడలా. సీటు మళ్ళా ఆడోళ్ళకే, బాలసుబ్రమణ్యం వదినె చైర్మన్ అయింది, పక్కనే రెండో కుర్చీలో బాలసుబ్రమణ్యం. నీళ్ళు మళ్ళా పొద్దున ఎనిమిదికి. నేనే తిప్పినాను.

తర్వాత ఒకనాడు మీ వీధి కొళాయి కాడ కనపడింది. కడవ పట్టుకోని వరసలో నిలబడుండాది. ముందుకు రామ్మా అంటే రాలేదంట. నేను వాల్వు తిప్పి లేస్తానే ఎదురుగా ఆయమ్మ. తప్పించుకునేదానికి సందు లేదు. మొగంలో కోపమన్నా లేదు మా, ఉండింటే బాగుండు. 'ఏం మునిస్వామీ, ఆ పొద్దు బస్సు దొరకలేదా?' అనింది. ఆ బస్సు కండక్టరు మన ఊరోడే, ఊరంతా చెప్పకుండా ఉంటాడా? తెలిసే అడిగింది. వరసలో ఇరవై మంది వింటా ఉండారు. గుడి కాదు, ప్రమాణం కాదు, ఉత్త కొళాయి. 'నువ్వు చెప్పలేదని నాకు తెలుసమ్మా' అని అప్పుడన్నా అనింటే... 'అవునమ్మా, దొరకలా' అన్యాను. 'సరేలే' అని కడవ కింద పెట్టి నీళ్ళు పట్టుకున్యాది. మళ్ళా ఎప్పుడూ అడగలా, చచ్చిపొయ్యేదాకా అడగలా.

ఏం మా, రాసుకుంటా ఉండావా? రాసుకో. వాల్వు తిప్పింది మునిస్వామి అని రాసుకో. చంద్రకాంతమ్మ చెప్పలేదని రాసుకో. మైకులో అట్లనే చెప్పు, పేరు పెట్టే చెప్పు. బస్సు దొరికింది మా. అది గూడా రాసుకో.