సాక్ష్యానికి సరిపోయే ఊపిరి

దక్షిణాఫ్రికాలోని చాట్స్‌వర్త్, 1996. గుంటూరు నుంచి వచ్చి ఏడాదైన డాక్టర్ కోటేశ్వరరావు గది. ఎదురుగా ఇక్కడే పుట్టి పెరిగిన వెలరీ ఆంటీ.

"వీజింగ్ అనకు బాబూ! ఆ మాట మాత్రం అనకు."

"ఛాతీలో పిల్లికూతలు వినబడుతుంటే ఇంకేమనమంటారు ఆంటీ?"

"వీజింగ్ పోయిన ఆదివారమే పోయింది. మా చర్చి టెంటులో, ప్రార్థనతో. అందరూ సప్పట్లు కొట్టేరు. నువ్వు సదువుకున్నోడివి, ఇంకో ఇంగ్లీషు మాట సూడు."

"పాంటింగ్?"

"అది కుక్క సేసేది."

"గ్యాస్పింగ్?"

"ఛీ ఛీ! సచ్చేవోళ్ళది."

"పోనీ, పఫింగ్?"

"రైలింజన్నా నేను?"

"సైయింగ్. నిట్టూర్పు."

"అది రెజీని పెళ్ళాడిన కాణ్ణుంచీ సేస్తన్నాను. దానికి డాక్టరెందుకు?"

"ఆంటీ, మాట మారిస్తే రోగం మారదు. నోట్లో కొట్టుకునే పంపు ఇచ్చాను కదా, ఏదీ?"

"పారేసేను."

"పారేశారా!"

"మరి? బాగైందని సెప్పి మళ్ళీ పంపు పట్టుకుంటే నమ్మకం లేదనరా?"

"తలుపేసుకుని కొట్టుకోండి. ఎవరు చూస్తారు?"

"ఇంట్లోనే గదా... సూసేది."

"ఎవరు?"

"ఎవరో ఒకరు. నువ్వు మాట సూడు బాబూ. ఉండు... ఊపిరి... ఒక్క నిమిషం..."

"ఇదిగో, ఇదే నేను చెప్పేది! ప్రాణం మీదికి తెచ్చుకుంటున్నారు. ఎవరికి భయపడి?"

"భయం కాదు. నోలన్. నా కొడుకు. నా తల మీద సెయ్యేసి ప్రార్థన సేసింది వాడే. వాడి సేత్తో మొదటి స్వస్థత. ఈ ఆదివారం నేను చర్చిలో లేచి, నాకు బాగైందని సాక్ష్యం సెప్తే వాణ్ణి పాస్టర్ని సేస్తారు."

"అందుకని..."

"బట్టల ఫ్యాక్టరీ మూసేసినాక తాగి రోడ్లమ్మట తిరిగేడు బాబూ. ఇప్పుడే మనిషయ్యేడు. నేను అక్కడ నిలబడి కూత పెడితే వాడు మళ్ళీ పోతాడు."

"వాడు పోకుండా మీరు పోతారా?"

"తల్లిని గదా."

"చెప్పకూడదు గానీ చెబుతున్నాను ఆంటీ. నిన్న నోలన్ వచ్చాడు."

"ఎందుకు? వాడికేమైంది?"

"వాడికేం కాలేదు. 'అమ్మకి తగ్గలేదు, రోజూ వింటున్నాను, కొత్త పంపు ఇవ్వండి. నేనడిగానని మాత్రం చెప్పకండి' అన్నాడు. ఇదిగో పంపు."

"నోలనా? వాడే అడిగేడా?"

"వాడే. ఏడ్చాడు కూడా."

"వాడికే నమ్మకం లేదా! మరి నేనెవరి కోసం బాబూ, ఇన్నాళ్ళూ ఊపిరి బిగబట్టుకుని కూసున్నది?"