తెల్లగా వదిలిన చోటు

కలకత్తా మెటియాబ్రుజ్‌లో అద్దె గది. కిటికీ దగ్గర రోజా బొమ్మ వేస్తోంది. ఓడల డాకులో డ్యూటీ దిగి వచ్చిన తండ్రి గవరయ్య వెనక నిలబడ్డాడు.

“కోదండంగాడు తమ్ముడేటే, తెగులు గానీ! జీడితోట వాడి చేతిలో పెట్టి ఇంత దూరం వొస్తే, ఒక్క ఏడైనా గుప్పెడు పిక్కలు పంపినాడేటి?”

“నానా, బల్ల కదపకు. రంగు పారిపోతాది.”

“పారనీ. ఏదీ, మన ఊరేనా ఇది? కొండ అంత నీలంగా ఏసినావేటి?”

“దూరం కొండ అలగే కనబడతాది. సిన్నాన కూతురు సౌజన్య ఫొటో పంపింది. అది చూసే ఏస్తున్నాను.”

“పోన్లే, దానికైనా అక్కంటే పేమ ఉంది. మన తోట బాగా ఎయ్యి. వొచ్చే ఏడు డ్యూటీ అయిపోగానే అక్కడే రెండు గదులేసుకుంటాం. వంటిల్లు తూరుపు పక్కనే ఉండాలంట మీ అమ్మకి.”

“ఊఁ.”

“ఊఁ ఏటి? ఈ నడమ తెల్లగా వొదిలేసినావేటి?”

“నీటిరంగుల్లో తెలుపు ఎయ్యం నానా. కాయితమే వొదిలేస్తాం. ఎండకి నీళ్లు మెరుస్తున్నాయి కదా.”

“నీళ్లేటి? మనది ఇసక నేల.”

“ఫొటోలో ఉన్నాయి మరి.”

“వోన పడుంటాది. రెండ్రోజుల్లో ఇంకిపోతాది.”

“ధుత్! వోన నీళ్లలో చక్రాలు తిరుగుతాయేటి?”

“చక్రాలా? అయితే అది ఎవడిదో రొయ్యిల చెరువు. మనది ఇటు. తాడిచెట్ల వరస ఉంటాది చూడు. దానికి ఇటు మనది, అటు కోదండానిది. ఏదీ, తాడిచెట్లు ఎయ్యలేదే?”

“లేవు గదా.”

“ఆఁ, ఆఁ, మరిచిపోనాను. తుపానుకి పడిపోనాయని ఫోన్ చేసినాడు. తాత నాటిన చెట్లన్నా అని ఏడిసినాడు కూడా.”

“తుపానుకా?”

“తుపానుకే.”

“తుపానుకైతే ఏళ్లతో సహా లేస్తాయి కదా? మన గేటుకాడ కృష్ణచూడ చెట్టు లేసినట్టు. ఇవి చూడు.”

“ఏటివి, పీటల్లాగ?”

“మొదళ్లు. గట్టు మీద మిగిలినయి. అన్నీ ఒకే ఎత్తు. పైన నున్నగా ఉన్నాయి.”

“ఫోన్ ఇలగియ్యి.”

“చెయ్యి తడి—”

“ఇయ్యే!”

“ఇదిగో, చూడు.”

“ఇటూ నీళ్లే. అటూ నీళ్లే.”

“హద్దురాయి లేదా నానా?”

“అన్నదమ్ములకి రాయెందుకన్నాడు మా అయ్య. చెట్లే హద్దన్నాడు. ఊరందరికీ తెలుసు.”

“చెట్లుంటే తెలుసు.”

“నువ్వూరుకో.”

“సిన్నానకి ఫోన్ చెయ్యి.”

“ఈ ఏళప్పుడు పడుకునుంటాడు.”

“పొద్దు గూకలేదు నానా!”

“చేస్తానన్నాను కదే. చేస్తాను.”

“ఒకటడుగుతాను. తిట్టవు కదా? ‘పెదనాన్న వాటా నాన్న కొనేసినాడు కదక్కా, అంతా కలిపి తవ్వించినాం’ అంది సౌజన్య. మాకు చెప్పకుండా అమ్మేసినావని మొన్నటి నుంచీ నాకు ముద్ద దిగట్లేదు. అమ్మేసినావా?”

“నేనా?”

“నువ్వే.”

“దానికి అలగని చెప్పినాడా వాడు?”

“నానా, కూచో. నీళ్లియ్యనా? పోనీ ఇక్కడ తాడిచెట్లు ఏసీనా? ఈ తెల్ల చోట ఏటెయ్యమంటావో చెప్పు.”

“ఏటీ ఎయ్యకు. అలగే వొదిలెయ్యి. అదే మన ఎనభై మూడు సెంట్లు.”