తమ్ముడు వేసిన ప్రాసెసర్

సాయంత్రంలోగా అక్క ఒక ఇంటి ప్లాను గీసి ఆఫీసుకి పంపాలి. తమ్ముడు కొత్త ప్రాసెసర్ వేసినప్పటినుంచీ ఆమె కంప్యూటర్ నత్తనడక నడుస్తోంది.

“దీనికంటే పాతదే నయంరా. గీత గీస్తే, టీ తాగొచ్చేసరికి కనిపిస్తోంది.”

“నీ ఫైళ్లు బరువక్కా.”

“మొన్నటిదాకా మోసిందిగా! ముట్టుకో, పెట్టె కాలిపోతోంది. వేడెక్కితే అదే నెమ్మదిస్తుందట. ప్రాసెసర్ మీది ఫ్యాన్ విప్పు.”

“నేను బిగించింది నేనే విప్పాలా? పరువు పోదూ!”

“ప్లాను వెళ్లకపోతే నా ఉద్యోగమే పోతుంది. విప్పు.”

అతను మూతి ముడుచుకుని స్క్రూలు తీశాడు. ఫ్యాన్ అడుగున, ప్రాసెసర్‌కి తగిలి వేడి లాగాల్సిన చోట, ప్లాస్టిక్ పొర అలాగే ఉంది.

“దానిమీద ఏం రాసుంది?”

“బిగించే ముందు... తీసేయమని.”

“చదవలేదూ?”

“చదివాను. కొత్తది కదా, గీతలు పడతాయని ఉంచాను.”

అక్కకి తిట్లు నోటిదాకా వచ్చి నవ్వయిపోయాయి. అతను పొర పీకి, వేడిని లాగే పేస్ట్ రాసి బిగించాక ప్లాను చిటికెలో తెరుచుకుంది.

“చూశావా, ఎంత స్పీడో! బావకి మాత్రం చెప్పకు.”

“ఫ్యాన్ విప్పించమని ఇందాక ఫోన్‌లో చెప్పింది ఆయనేరా, మొద్దూ!”