అమ్మ పేపరు

వంటింటి బల్ల దగ్గర ల్యాప్‌టాప్ ముందు దిగాలుగా కూర్చున్న కూతురిని తల్లి పలకరించింది.

“నీ రీసెర్చి పేపరు జర్నల్ వాళ్ళు తిప్పి పంపారా?”

“లేదమ్మా, వేసుకుంటారట. కానీ కణంలో హార్మోనును అందుకునే రిసెప్టర్ల గురించి రాస్తూ అందరూ ఉదహరించే పేపరే ఎందుకు వదిలేశావని రివ్యూ చేసినవాళ్ళెవరో నిలదీశారు.”

“ఎవరిదే అది?”

“నీదే.”

“అమ్మ పేరు రాయడానికి నామోషీనా?”

“కాదమ్మా. హార్మోను వచ్చేదాకా ఆ రిసెప్టరు కణకేంద్రకం బయటే కాచుకుని ఉంటుందన్నావు. నాకేమో మైక్రోస్కోపు ఫోటోలో ముందే లోపల కనబడింది. నువ్వు తప్పని ఎలా రాయను?”

“ఏదీ, ఆ ఫోటో చూపించు.”

“ఇదిగో.”

“నిజమేనే! పన్నెండు వందల మంది నా మాట ఉదహరించి ఊరుకున్నారు. సరిచూసింది నువ్వొక్కదానివే.”

“నవ్వుతున్నావేంటమ్మా? ఇప్పుడేం రాయను?”

“తప్పని రాయి. అమ్మ కదా అని మెత్తగా రాశావో, ఈసారి నేనే తిప్పి పంపుతాను.”