నా మాత్ర నీకు పడదక్కా

హలో… ఆ, నేనేక్కా, నాగలతను. పక్కింటి సుంకమ్మ ఫోనుతో చేస్తాండా. నా నంబరు చూస్తే నువ్వు ఎత్తవు గదా, పొద్దున్నుంచి చేస్తానే ఉండా.

పెట్టేయద్దు! … పెట్టేస్తే బస్సెక్కి నేరుగా బనగానపల్లెకే వచ్చేస్తా.

… బాగుండా. నా సంగతి ఇడ్సిపెట్టు. ఒకటడుగుతా, నిజం చెప్పు. ఆ మాత్రలు మింగుతాండావా?

… ఏ మాత్రలా? నేను మింగేవి! ఈస్ట్రోజెన్‌వి. నీ కూతురు శిల్ప ఫోటో పంపించింది. "పిన్నీ, నీ మాత్రలు అమ్మ బీరువాలో ఎందుకుండాయి?" అని.

… ఆ పిల్లనేం తిట్టద్దు. ఎన్ని దినాలాయ?

… అక్కా. అడుగుతాండా గదా.

… పదకొండు దినాలా! … ఎవరు రాసిచ్చినారు? … నా చీటీ ఫోటో తీసుకోని పోయినావా? పోయిన నెల మా ఇంటికొచ్చినప్పుడా? … మెడికల్ షాపాయప్ప పేరు గూడా చూడకుండా ఇచ్చేసినాడా!

… అవును, నాకు మేలు చేసింది. కాదనలే. ముప్పైయారేండ్లకే గర్భసంచితో పాటు అండాశయాలు గూడా తీసేసినారు. ఒంట్లో ఆ హార్మోను ఒక్కసారిగా లేకుండా పాయ. మగ్గం గుంతలో దిగితే చాలు, సెమటకు తడిసిపోయి నేసేదే మానేసింటి. ఎముకలు గుల్లబారతాయని డాక్టరమ్మ పరీక్షలన్నీ చేసి రాసిచ్చింది. యాభై దగ్గరికొచ్చేదాకా మింగల్ల, ఏడాదికోసారి చూపించుకోవల్ల అన్నాది. అది నాకు!

… ఒకే కడుపున పుడితే? ఇద్దరికీ ఒకే మందు పడతాదా? నీకు నాలుగేండ్ల కిందట రొమ్ములో క్యాన్సర్ గడ్డ తీసినారు. మర్చిపోయినావా?

… లే, లే. ఎట్ల మర్చిపోతావులే. నోరు జారితి.

… కూర్చోమంటే యాడ కూర్చునేది? కాలు నిలవక వాకిట్లో తిరుగులాడతాండా. నువ్వు విను. ఆ గడ్డకు మేత ఈ హార్మోనే అని కర్నూలు డాక్టరు చెప్పినప్పుడు నీ పక్కన ఉండింది నేనే. అందుకే గదా నీకు రోజూ ఒక మాత్ర పెట్టినాడు, ఆ హార్మోను పని చేయకుండా…

ఏం? మళ్ళా చెప్పు.

… ఆపేసినావా! దాన్నాపి… దీన్ని మింగుతాండావా!

… లే, అరవడం లే. … అరవనక్కా. చెప్పు.

… ఊ. … ఆ డాక్టరు మాత్రకు ఒళ్ళంతా ఆవిర్లా? … రోజుకు పదిసార్లా? … మామిడికాయల మండీలో నలుగురి ముందర పైట పిండుకోవల్సొచ్చెనా? … నాకొక మాట చెప్పకపోతివే. … నన్ను చూసి? … నేను పాట పాడుకుంటా నేస్తాంటే చూసి, నీకు గూడా అట్ల ఒక్క దినమన్నా ఉండల్లనిపించెనా?

… ఏడవద్దు. ఆ మాత్ర నాకు ప్రాణం పోసిందని ఊరంతా చెప్పుకోని తిరిగింది నేనే గదా. ఎవరికి పడదో గూడా చెప్పల్సింది.

… ఏమన్నా అయిందో లేదో నాకేం తెలుసు? డాక్టరు చూసి చెప్పల్ల. నీకు చేసేముందే కర్నూలు ఆస్పత్రికి చేసింటి. ఈస్ట్రోజెన్ ఈ పొద్దే ఆపేయండి, రేపు తొమ్మిదికి ఆమెను తీసుకోని రాండి అన్నారు. ఆవిర్లకు హార్మోను లేని మందులు గూడా ఉండాయంట. అడిగింటే ఎప్పుడో ఇచ్చిండేవాళ్ళు!

… సిగ్గా? మగ డాక్టరని చెప్పలేకపోతివా? … నీ పక్కన కూర్చోని నేనే చెప్తాలే.

… బావకు తెలుసా? … ఎందుకు చెప్పలే? … అవును, ఆపరేషనప్పుడు శానా భయపడ్డాడు. వరండాలో గోడకానుకోని ఏడ్చింది నేనూ చూస్తి. … అట్లని దాచిపెడతావా?

ఇప్పుడు యాడుండాడు? … ఇంట్లోనేనా? ఫోను బావకియ్యి.

… ఇయ్యక్కా.

… హలో, బావా? నేను నాగలతను. … గాబరా పడద్దు, పోయి అక్క దగ్గర కూర్చో. నీకొక మాట చెప్పల్లంట. … నేను చెప్పను బావా, అక్కే చెప్తాది. మధ్యలో కోప్పడద్దు, అంతా చెప్పేదాకా విను. … ఊ. … ముందు ఆమె చెయ్యి పట్టుకో.

… పట్టుకున్నావా?

సరే, పెట్టేస్తాండా.